రేపటికి అప్పగించి నిద్రపోదాం
రాత్రి నోటుపుస్తకం - ఒక ఆరోగ్య పాఠం



"పగలంతా బాగానే ఉంటాది సార్. పడక మీద వాలితే చాలు, లేని ఆలోచనలన్నీ వచ్చి కూర్చుంటాయి." ఓ.పి.లో మేము తరచుగా వినే మాట ఇది. కొందరు తలనొప్పి అని వస్తారు. కొందరు కడుపులో మంట అంటారు, కొందరు గుండె దడ అంటారు. బి.పి. చూసి, నాలుగు మాటలు అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. సరిగ్గా నిద్రపోయి ఎన్ని వారాలైందో వారికే గుర్తుండదు. ఆ తర్వాత అడిగేది కూడా దాదాపు ఒకటే: "ఒక నిద్ర మాత్ర రాసియ్యండి."

నిద్ర మాత్ర కొందరికి, కొద్ది రోజులకు అవసరం కావచ్చు. అయితే చాలామందికి ముందుగా కావలసింది మాత్ర కాదు. పగటి పనిని, రాత్రి విశ్రాంతిని వేరుచేసే ఒక గట్టు కావాలి. పొలానికి గట్టు లేకపోతే నీళ్లు ఎటు పడితే అటు పారుతాయి. మనసు కూడా అంతే. ఆ గట్టు వేసుకునే ఒక సులువైన పద్ధతిని ఈ పాఠంలో నేర్చుకుందాం. దీనికి కావలసినవి ఒక నోటుపుస్తకం, ఒక పెన్ను, పది నిమిషాల సమయం.

పడుకోగానే ఆలోచనలు ఎందుకు వస్తాయి?

పగలు మన చేతులకు, కళ్లకు, చెవులకు ఏదో ఒక పని ఉంటుంది. చీనీ తోటలో ఉన్నా, అంగడిలో ఉన్నా, పొయ్యి దగ్గర ఉన్నా ధ్యాస ఆ పని మీదే ఉంటుంది. లైటు ఆర్పి పడుకున్నాక ధ్యాసకు పని ఉండదు. అప్పుడు మనసు పూర్తికాని పనులను ఒక్కొక్కటిగా ముందుకు తెస్తుంది. రేపు మరిచిపోతామేమో అన్న భయంతో వాటిని మళ్లీ మళ్లీ తిప్పుతుంది. బ్యాంకు గడువు, బిడ్డ ఫీజు, బోరులో తగ్గిన నీళ్లు, అన్నదమ్ముల మాట పట్టింపు, అన్నీ ఒకేసారి వరుస కడతాయి.

ఆలోచన భయంగా మారితే శరీరం కూడా మేలుకుంటుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, ఒళ్లు వెచ్చబడుతుంది. ఇది ఆపదలో మనల్ని కాపాడే ఏర్పాటే. కానీ రాత్రి పదకొండు గంటలకు మంచం మీద దానివల్ల ఉపయోగం లేదు. అప్పుడు "నిద్ర రావడం లేదే" అన్న దిగులు ఒకటి తోడవుతుంది. ఆ దిగులే మిగిలిన నిద్రను కూడా పోగొడుతుంది.

మన ప్రాంతంలో దీనికి మరికొన్ని కారణాలు కూడా ఉన్నాయి. రాత్రి కరెంటు వచ్చే వేళకు లేచి మోటారు వేయడం ఎన్నో ఏళ్లు రైతులకు అలవాటైంది. వేళలు మారినా ఆ వేళకు మెలకువ వచ్చే అలవాటు పోని వారు ఉన్నారు. వేముల మండలంలో ముగ్గురాయి గనులు ఉన్నాయి. తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. గనుల్లో, ఫ్యాక్టరీల్లో షిఫ్టు డ్యూటీ చేసేవారికి పడుకునే వేళే వారం వారం మారుతుంది. ఇంటిల్లిపాదీ తిన్న తర్వాత తిని, గిన్నెలు కడిగి, చివరగా పడుకుని, ముందుగా లేచే తల్లుల సంగతి చెప్పనక్కర లేదు.

నర్సు డ్యూటీ దిగేటప్పుడు ఏం చేస్తుంది?

ఆసుపత్రిలో ఉన్నవారు ఈ సంగతి గమనించే ఉంటారు. సాయంత్రం డ్యూటీ నర్సు అకస్మాత్తుగా సంచి తగిలించుకుని వెళ్లిపోదు. ఏ మంచం మీద ఎవరున్నారు, జ్వరం ఎంత ఉంది, ఏ మందు ఇచ్చారు, తెల్లవారేలోగా ఏం చూడాలి అన్నది రిపోర్టు పుస్తకంలో రాస్తుంది. రాసినది రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకు చదివి అప్పగిస్తుంది. అప్పుడే ఇంటికి వెళ్లగలుగుతుంది. రాయకుండా వెళ్తే దారి పొడవునా "ఆ మాట చెప్పానా, లేదా" అన్న బెంగే ఉంటుంది.

రాత్రి నోటుపుస్తకం కూడా ఇలాంటి అప్పగింతే. ఈ రోజు డ్యూటీ చేసిన మనం, రేపు డ్యూటీకి వచ్చే మనకు రిపోర్టు రాసి ఇస్తున్నాం. పనులన్నీ పూర్తి కాలేదు. కాకపోయినా అప్పగింత పూర్తయింది. పేషెంట్లందరికీ జబ్బు నయమయ్యేదాకా ఏ నర్సూ ఇంటికి వెళ్లకుండా ఉండదు కదా!

రాసుకోవడం మనకు కొత్తా?

"డైరీ రాయడం చదువుకున్న వాళ్ల పని, మనకెందుకు" అని కొందరు అంటారు. అది నిజం కాదు. రైతు ఇంట్లో జమాఖర్చుల పుస్తకం ఉంటుంది. కూలీల లెక్క, ఎరువుల లెక్క, గెలలు ఎన్ని పోయాయన్న లెక్క అందులో ఉంటుంది. ఇల్లాలు పాలు రాని రోజును గోడ క్యాలెండరు మీద సున్నా చుట్టి ఉంచుతుంది. ప్రొద్దుటూరు వ్యాపారి చిట్టా సరిచూసుకోకుండా అంగడి తలుపు వేయడు. లెక్క రాసినప్పుడు తల తేలికవుతుందని వీరందరికీ తెలుసు. మనం చేయబోయేది మనసు లెక్క మాత్రమే.

తెలుగులో దినచర్య రాసిన పెద్దల్లో ఏనుగుల వీరాస్వామయ్య గారు ముఖ్యులు. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పని చేశారు. 1830 మే 18న పెద్ద పరివారంతో కాశీయాత్రకు బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి ఇల్లు చేరారు. తిరుపతి దాటి, మన కడప మీదుగా అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు వైపు సాగిన ప్రయాణం అది. దారి పొడవునా మజిలీలు, బాటల స్థితి, నీటి వసతి, దొరికే సరుకులు, జనం తీరు వివరంగా రాస్తూ తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె గారికి పంపుతూ వచ్చారు. ఆ రాతలే 'కాశీయాత్ర చరిత్ర' అనే పుస్తకంగా 1838లో అచ్చయ్యాయి. మన పుస్తకం అచ్చు కావలసిన అవసరం లేదు. అయినా ఆయన పద్ధతిలో మనం నేర్చుకోవలసినది ఉంది: చూసింది చూసినట్టు, జరిగింది జరిగినట్టు, ఆ మజిలీది ఆ మజిలీలోనే రాయడం.

పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైకేల్ స్కలిన్ బృందం ఈ విషయాన్ని పరీక్షించి, 2018లో ఫలితాలను ప్రచురించింది. 18 నుంచి 30 ఏళ్ల వయసున్న 57 మంది ఆరోగ్యవంతులను నిద్ర పరిశోధనశాలలో పడుకోబెట్టారు. పడుకునే ముందు 5 నిమిషాలు రాయమన్నారు. సగం మంది రేపు, ఆ తర్వాతి రోజుల్లో చేయవలసిన పనులు రాశారు. మిగిలిన సగం మంది అప్పటికే చేసి ముగించిన పనులు రాశారు. ఎవరు ఎప్పుడు నిద్రలోకి జారుకున్నారో తలకు అమర్చిన యంత్రాలు నమోదు చేశాయి. చేయవలసిన పనులు రాసినవారు సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు. వారిలో కూడా ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా నిద్ర పట్టింది.

చేయాల్సిన పనులు తలచుకుంటే నిద్ర పోతుందని మనం అనుకుంటాం. తలలోనే తిప్పుకుంటే అదే జరుగుతుంది. కాగితం మీద పెడితే మనసు దాన్ని మోయనవసరం లేదు. ఇది చిన్న పరిశోధన, ఒక్క రాత్రి చేసినది, ఆరోగ్యవంతులైన యువతీ యువకుల మీద చేసినది. కనుక అందరికీ ఇంతే మేలు జరుగుతుందని మేము హామీ ఇవ్వము. ఖర్చు లేదు, హాని లేదు కనుక ప్రయత్నించి చూడవచ్చు.

మనసులోని బాధను రాయడం గురించి జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1986లో ఒక పరిశోధన ప్రచురించారు. విద్యార్థులు వరుసగా 4 రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాశారు. తమ జీవితంలోని పెద్ద బాధను, అది కలిగించిన భావాలను కలిపి రాసినవారు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువ సార్లు వెళ్లారు. అయితే రాసిన వెంటనే వారికి బాధ తగ్గలేదు, పెరిగింది. ఆ తర్వాత జరిగిన అనేక పరిశోధనల్లో మేలు కనిపించినా, అది కొద్దిగానే, అందరిలో కాకుండా కనిపించింది. కనుక పెద్ద దుఃఖాన్ని పడుకునే ముందు తవ్వుకోకూడదు. అలాంటిది రాయాలనిపిస్తే సాయంత్రం వెలుతురు ఉండగానే రాయాలి. రాసిన తర్వాత కాసేపు ఎవరితోనైనా మాట్లాడాలి.

ఎలా రాయాలి?

రాత్రి భోజనం అయ్యాక, పడుకోవడానికి గంట ముందు కూర్చోండి. మంచం మీద వద్దు. అరుగు మీద గాని, చాప మీద గాని కూర్చోండి. ఫోనులో కాకుండా కాగితం మీద రాయండి. ఫోను తెరిస్తే రాత కంటే ముందు మెసేజీలు, వీడియోలు పలకరిస్తాయి. నాలుగు భాగాలుగా రాయండి.

1. ఈ రోజు: జరిగిన వాటిలో రెండు మూడు సంగతులు. అందంగా రాయనక్కర లేదు. తప్పులు దిద్దనక్కర లేదు.

2. మనసులో: ఇప్పుడు తలను తినే విషయం ఏమిటి? దాని పేరు రాయండి. "ఏదో దిగులుగా ఉంది" అనే దిగులు పెద్దది. "నెలాఖరుకు బ్యాంకు కంతు కట్టాలి" అనే దిగులు దానికంటే చిన్నది.

3. రేపు: ఆ విషయంలో రేపు చేయగలిగిన మొదటి పని ఒకటి. ఏ పని, ఏ వేళకు, ఎక్కడ, ఎవరితో అన్నది స్పష్టంగా రాయండి. మన చేతిలో లేని విషయమైతే దాని పక్కన "నా చేతిలో లేదు" అని రాయండి. ఆ మాట కూడా ఒక జవాబే.

4. మేలు: ఈ రోజు జరిగిన ఒక మంచి. చిన్నదైనా సరే. వేళకు బస్సు దొరికినా, పక్కింటి అక్క కూర పంపినా రాయండి.

ఒక పేజీ ఇలా ఉండవచ్చు

అర్థం కావడం కోసం వేముల మండలంలో రెండెకరాల అరటి తోట ఉన్న ఒక రైతును ఊహించుకుందాం. వేసవి రోజులు. గెలలు దిగే సమయం. సాయంత్రం గాలి లేస్తే ఒక్క గంటలో తోట నేలవాలుతుంది. అప్పు గడువు దగ్గర పడింది. ఆయన పుస్తకంలో ఈ రాత్రి ఇలా ఉంది:

ఈ పొద్దు: నలభై చెట్లకు ఊతకర్రలు పెట్టినాం. డ్రిప్పు పైపు ఒక చోట ఎలుక కొరికింది, సరిచేసినా.

మనసులో: గాలి వస్తాదేమోనని భయం. నెలాఖరుకు బ్యాంకులో కట్టాల. ఇంట్లో చెప్పలేదు.

రేపు: గాలి - నా చేతిలో లేదు. మిగిలిన ఇరవై చెట్లకు ఊతకర్రలు - నా చేతిలో ఉంది, పొద్దున ఆరుకు. బ్యాంకు - పది గంటలకు పులివెందులకు పోయి గడువు సంగతి అడగాల. పాసుపుస్తకం, ఆధారు సంచిలో పెట్టినా. రాత్రికి ఇంట్లో చెప్పాల.

మేలు: చిన్నమ్మి పరీక్ష బాగా రాసినా నాయనా అని చెప్పింది.

ఈ పేజీ రాసినందువల్ల అప్పు తీరలేదు. గాలి ఆగలేదు. కానీ మూడు దిగుళ్లు కలిసి ముద్దగా ఉన్నవి వేరువేరయ్యాయి. ఒకటి ఆయన చేతిలో లేదు. ఒకటి పొద్దున ఆరు గంటల పని. ఒకటి పది గంటల పని. అన్నిటికంటే ముఖ్యంగా "ఇంట్లో చెప్పలేదు" అన్న మాట కాగితం మీదికి వచ్చింది. నిద్ర పోగొడుతున్నది అప్పు ఒక్కటే కాదు, దాన్ని ఒంటరిగా మోయడం కూడా అని ఆయనకే కనిపించింది. రాత వల్ల కలిగే పెద్ద మేలు ఇదే అని మేము భావిస్తాము.

కొన్ని జాగ్రత్తలు

- పది నిమిషాలు దాటవద్దు. అదే బాధను పేజీల తరబడి తిప్పి రాస్తే అది మంచం మీద తిప్పుకున్నట్టే.
- ఎవరినైనా తిట్టుకుంటూ రాయడంతోనే ముగించవద్దు. కోపం రాయవచ్చు. దాని కింద "రేపు నేనేం చేస్తాను" అన్నది కూడా రాయండి.
- పుస్తకం మూయండి. మూసి, పడుకునే గదిలో కాకుండా వేరే చోట పెట్టండి. మధ్యలో ఏదైనా గుర్తొస్తే "పుస్తకంలో ఉంది" అనుకోండి.
- ఒక రోజు తప్పితే బాధపడవద్దు. మరునాడు రాయండి.
- ప్రార్థన చేసుకునే అలవాటు ఉన్నవారు రాసిన తర్వాత చేసుకోవచ్చు.
- షిఫ్టు డ్యూటీ చేసేవారికి 'రాత్రి' అంటే వారు పడుకునే వేళ. రాత్రి డ్యూటీ దిగి పగలు పడుకునేవారు ఇంటికి వచ్చి స్నానం, టిఫిను అయ్యాక రాసుకోవచ్చు.

"ఎవరైనా చదువుతారేమో" అనే భయం ముఖ్యంగా ఉమ్మడి కుటుంబాల్లోని ఆడవారికి ఉంటుంది. ఆ భయం న్యాయమైనదే. ముగ్గురు నలుగురు ఉండే ఇంట్లో రహస్యానికి చోటు తక్కువ. అలాంటివారు పొడి అక్షరాలతో గుర్తులు పెట్టుకోవచ్చు. లేదా విడి కాగితం మీద రాసి, రేపటి పనులు మాత్రం ఉంచుకుని మిగిలినది చింపేయవచ్చు. మేలు చేసేది రాయడం, దాచుకోవడం కాదు. ఇంట్లో వారికి కూడా ఒక మాట: మరొకరి పుస్తకం అడగకుండా తెరవవద్దు.

రాయడం రానివారి సంగతి ఏమిటి? మనవడినో, మనవరాలినో పిలిచి చెప్పి రాయించండి. "అవ్వా, ఈ పొద్దు ఏం రాయాల?" అని బిడ్డ అడిగితే, అవ్వ రోజును గుర్తుచేసుకుంటుంది, బిడ్డకు రాత కుదురుతుంది, ఇద్దరికీ పది నిమిషాలు కలిసి కూర్చునే వేళ దొరుకుతుంది. బిడ్డలకు చెప్పదగని విషయాలైతే భార్యాభర్తలు ఒకరికొకరు నోటితో చెప్పుకున్నా సరిపోతుంది. రేపటి మొదటి పని ఏమిటో ఇద్దరూ అనుకుని లేవండి.

పుస్తకంతో పాటు పాటించవలసినవి

పెద్దలకు రాత్రికి కనీసం 7 గంటల నిద్ర అవసరం. రోజూ ఒకే వేళకు లేవండి. టీ, కాఫీల్లోని కెఫిన్ గంటల తరబడి ఒంట్లో ఉంటుంది, కనుక సాయంత్రం తర్వాత మానండి. బీడీ, సిగరెట్టులోని నికోటిన్ కూడా మెలకువ పెంచుతుంది. మద్యం తాగితే నిద్ర పట్టినట్టే ఉంటుంది, కానీ తెల్లవారుజామున విరిగిపోతుంది. మధ్యాహ్నం కునుకు అరగంట దాటనివ్వవద్దు. పడుకున్నాక చాలాసేపు నిద్ర రాకపోతే మంచం మీద దొర్లవద్దు. లేచి మసక వెలుతురులో కాసేపు కూర్చుని, నిద్ర వచ్చినప్పుడు మళ్లీ పడుకోండి. మాటిమాటికీ గడియారం చూడవద్దు.

పుస్తకం చాలనప్పుడు

నిద్రలేమి అంతా దిగులు వల్లే రాదు. కింది వాటిలో ఏది ఉన్నా డాక్టరుకు చూపించండి.

- వారానికి 3 రాత్రులు, 3 నెలలుగా నిద్ర సరిగా లేకపోవడం.
- పెద్దగా గురక, నిద్రలో ఊపిరి ఆగినట్టు కావడం, పగలు తూగడం.
- వెల్లకిలా పడుకుంటే ఆయాసం రావడం.
- రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం. షుగరు పరీక్ష అవసరం కావచ్చు.
- పడుకోగానే కాళ్లు పీకుతూ, కదిలిస్తే గాని ఊరట లేకపోవడం. రక్తంలో ఐరన్ తక్కువైనా ఇలా ఉండవచ్చు.

వచ్చేటప్పుడు రెండు వారాల నిద్ర లెక్క రాసి తెండి. ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, ఎన్నిసార్లు లేచారు, పొద్దున ఎన్నింటికి లేచారు అన్నది పొద్దునే ఒక వరుసలో రాస్తే చాలు. డాక్టరుకు అది మంచి పరీక్ష రిపోర్టు వంటిది. ఇప్పటికే చాలాకాలంగా నిద్ర మాత్రలు వాడుతున్నవారు ఈ పాఠం చదివి ఒక్కసారిగా ఆపవద్దు. డాక్టరు సలహాతో నెమ్మదిగా తగ్గించాలి.

మరొక ముఖ్యమైన సంగతి. రెండు వారాలకు మించి దేని మీదా మనసు లేకపోవడం, ఆకలి లేకపోవడం, తెల్లవారుజామునే మెలకువ వచ్చి దిగులుగా ఉండడం డిప్రెషన్ లక్షణాలు కావచ్చు. అది పిరికితనం కాదు, సోమరితనం కాదు. చికిత్స ఉన్న జబ్బు. మీ పుస్తకంలో గాని, మీ మనసులో గాని "నేను లేకపోతేనే మేలు" అన్న మాట వస్తే, ఆ పేజీ మూసి పడుకోవద్దు. ఆ రాత్రే ఇంట్లో ఒకరిని లేపి చెప్పండి. టెలి మానస్ ఉచిత నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడితే "ఊరికే అంటున్నాడులే" అని వదిలేయకండి. ఒంటరిగా ఉంచకండి. పురుగుమందు డబ్బాలను ఇంట్లో ఉంచకుండా, వేరే చోట తాళం వేసి ఉంచండి. ఆ తాళం చెవి మరొకరి దగ్గర ఉండాలి. ఆ ఘడియ దాటించగలిగితే చాలా ప్రాణాలు నిలుస్తాయి.

ఆలోచించండి - చర్చించండి

1. మీ ఇంట్లో అందరికంటే చివర పడుకునేది ఎవరు? వారి పనిలో ఏ భాగం మీరు తీసుకోగలరు?
2. ఇప్పుడు మీ మనసులో ఉన్న దిగుళ్లలో మీ చేతిలో ఉన్నవి ఏవి, లేనివి ఏవి?
3. మీరు ఇంట్లో ఇంకా చెప్పని విషయం ఏదైనా ఉందా? దాన్ని ఎవరితో, ఎప్పుడు చెప్పగలరు?

ఈ రాత్రే మొదలుపెట్టండి. ఇంట్లో బిడ్డలు సగం రాసి వదిలేసిన పాత నోటుపుస్తకం ఉంటే అదే చాలు. రెండు వారాలు రాసి చూడండి. ఈసారి ఆసుపత్రికి వచ్చినప్పుడు ఎలా ఉందో మాకు చెప్పండి. రేపటి పని రేపటికి అప్పగించి, ఈ రాత్రి హాయిగా నిద్రపోండి.